దిద్దిన చెయ్యి

రేపల్లె,
1-11-1987

చి. భాస్కరానికి అక్క దీవెనలు.

మరదలికీ పిల్లలకీ కూడా చెప్పు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావగారికి మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకుంటే బజారుకి పంపిస్తానేమోనని ఇంకా కుంటుతున్నారు.

పద్నాలుగో తారీకున తెనాలిలో జరిగే పిల్లల బొమ్మల పోటీకి నువ్వొక జడ్జివట. ఆ మాట మా హెడ్మాస్టరు వెంకట్రామయ్యగారు చెబితే నాకు తెలిసింది. సొంత తమ్ముడి సంగతి పరాయివాళ్ళ నోట వినాల్సి వచ్చింది. బాపట్ల హైస్కూల్లో డ్రాయింగు మాస్టారివి కదా, అక్కకి కార్డు ముక్క రాయడానికి నీకు తీరిక ఎక్కడ దొరుకుతుందిలే.

మా ఎలిమెంటరీ బళ్ళో డ్రాయింగుకి వేరే మాస్టారు లేరు. శనివారం ఆఖరి పీరియడు ఎవరికీ అక్కర్లేక నాకు అంటగట్టారు. నేను బోర్డు మీద వేస్తాను, పిల్లలు చూసి దించుకుంటారు. సొంతంగా వెయ్యమంటే మాత్రం జెండా, కుండ, మామిడికాయ, లేదా రెండు కొండల మధ్య సూర్యుడు. రేపల్లెలో పుట్టిన పిల్లల్లో కొండని చూసినవాడు ఒక్కడుంటే చూపించు. అయినా అందరూ కొండలే వేస్తారు.

పోటీ అనేసరికి పోయిన నెలంతా బడిలో పాఠాలు లేవు. ఒకడు అగ్గిపెట్టెలతో రేపల్లె పాసింజరు చేశాడు, ఇంజను ఒక్కటే కుదరలేదు. ఆడపిల్లలు బంకమట్టితో బాతులు చేసి వరండాలో ఆరబెడితే కుక్క రెండింటిని ఎత్తుకుపోయింది. ఆ కుక్క కోసం క్లాసు క్లాసంతా పరిగెత్తితే నేను గుమ్మంలో నిలబడి నవ్వలేక చచ్చాను.

అసలు సంగతి ఇది. ఐదో తరగతిలో కృపమ్మ అని ఒక పిల్ల ఉంది. తండ్రి లూకా పెనుమూడి రేవులో పడవలకి తారు పూసి రంగులు వేస్తాడు. తల్లి అన్నమ్మ బజార్లో చేపలమ్ముతుంది. ‘మా ఊరు’ అనే అంశం మీద వెయ్యమంటే ఈ పిల్ల షీటు ఇంటికి పట్టుకెళ్ళి పెనుమూడి రేవు వేసుకొచ్చింది. పడవ మీద ఎడ్లబండి, బండిలో ముసలమ్మ, ముసలమ్మ ఒళ్ళో కోడి. నీళ్ళకి నీలిమందు, పడవకి బొగ్గు. పడవ అంచు ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కటే గీత, ఎక్కడా ఆగలేదు. “నువ్వే వేశావుటే?” అంటే “నేనేనండి” అని తల వంచుకుంది.

ఆ బొమ్మ వస్తుంది, చూడు. దిద్దింది నేనే. చూడగానే నీకే తెలుస్తుందిలే, నా చెయ్యి నీకు తెలియనిదా? అక్క బడి నుంచి వచ్చిందని మొహమాటపడి పక్కన మాత్రం పెట్టకు.

నీ అక్క,
సీతాలక్ష్మి


బాపట్ల,
5-11-1987

అక్కయ్యకి, బావగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. జడ్జినని నీకు రాయకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. రాస్తే ఇలాంటి ఉత్తరం వస్తుందని భయం. నవ్వుతూనే రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు.

ఒక్క మాట అడగాలి. పోయినేడు మొదటి బహుమతి వచ్చిన బొమ్మ ఆ పిల్లవాడి మేనమామ వేశాడని తర్వాత తేలింది. పెద్ద గొడవైంది. అందుకని ఈసారి కమిటీవాళ్ళు షరతు పెట్టారు. పెద్దల చెయ్యి పడిన బొమ్మని పోటీలోంచి తీసేస్తారు. నువ్వు దిద్దానని రాశావు. ఎంతవరకు దిద్దావు?

ఇక్కడ రాజేశ్వరికి జలుబు. పిల్లలు బాగున్నారు.

నీ తమ్ముడు,
భాస్కరరావు


రేపల్లె,
9-11-1987

చి. భాస్కరానికి,

ఎంతవరకేంట్రా? నన్నే పరీక్ష చేస్తున్నావా? నా చెయ్యి పడకుండా ఈ బళ్ళోంచి ఒక్క కాగితం బయటికి వెళ్ళదు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. అక్షరం రాని పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలు పట్టి దిద్దించాను. షరతుల గురించి నువ్వు నాకు చెప్తావా?

తెనాలిలో నీ ఎనిమిదో క్లాసు మర్చిపోయావేమో. కాలవ మీద వంతెన బొమ్మ వేసి రంగుల పెట్టె గెలుచుకొచ్చావే, ఆ బొమ్మ ఎవరు దిద్దారు? అప్పుడు ఏ షరతులూ గుర్తు రాలేదు దొరగారికి.

నేను తెనాలి రావడం లేదు. మా అత్తగారికి కంటి ఆపరేషను చేయించాం, కట్టు విప్పేదాకా ఇల్లు కదలలేను. పిల్లల్ని హెడ్మాస్టరుగారే తీసుకొస్తున్నారు. కృపమ్మకి కొత్త రిబ్బను కొన్నాను. చూస్తే పలకరించు.

మరదలికి మిరియాల కషాయం ఇవ్వు.

అక్క


రేపల్లె,
18-11-1987

ఒరే భాస్కరం,

దీవెనలూ క్షేమ సమాచారాలూ రాసే ఓపిక లేదు. ఏం జరిగిందిరా అక్కడ?

హెడ్మాస్టరుగారు చెప్పింది ఇది. బొమ్మలన్నీ గోడకి అంటించారట. వచ్చినవాళ్ళందరూ కృపమ్మ బొమ్మ దగ్గరే ఆగారట. బహుమతి దానికే అని ఈయన గట్టిగా అనుకున్నాడట. ఇంతలో జడ్జీల్లో ఎవరో, ఇది పిల్ల వేసింది కాదు, మళ్ళీ వేయించండి అన్నారట. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నలుగురు నిలబడి, చేతికి పెన్సిలూ రబ్బరూ ఇచ్చారట. దాని కాళ్ళు నేలకి అందవు. పడవ గీత వంకర పోయిందట. చెరిపింది, మళ్ళీ గీసింది, మళ్ళీ చెరిపింది. కాగితం చిరిగింది. అందరి ముందూ ఏడ్చిందట. గోడ మీద బొమ్మ ఊడదీసి, దాని మీద ఎర్ర సిరాతో ‘పెద్దల చెయ్యి పడినది’ అని రాసి చేతిలో పెట్టారట.

ఎవడురా ఆ మహానుభావుడు? వాడికి పిల్లల్లేరా? నువ్వు అక్కడే ఉన్నావట. హెడ్మాస్టరుగారు పలకరిస్తే తల ఊపి పక్కకి వెళ్ళిపోయావట. ఒక్క మాట అనలేకపోయావా?

తిరుగు బండిలో పులిహోర పొట్లం విప్పలేదట ఆ పిల్ల. షీటు చుట్ట చుట్టి ఒళ్ళో పెట్టుకుని రేపల్లె దాకా కూర్చుందట. నిన్న బడికొచ్చింది. నేను కొన్న రిబ్బను లేదు. “ఏదే బొమ్మ, చూపించు” అంటే “ఇంట్లో ఉందండి” అంది. క్లాసులో పిల్లలు దాన్ని దొంగబొమ్మ అని పిలుస్తున్నారు. ఇద్దరికి మొట్టికాయలు వేశాను. నేను వెనక్కి తిరగ్గానే మళ్ళీ అన్నారు.

ఆ పిల్ల పేరు ఇలా చెడిపోతే బడి మానేస్తుంది. ఐదో తరగతి దాటి హైస్కూలుకి వెళ్ళాల్సిన పిల్ల. నిజం ఏమిటో నాకు తెలియాలి. వెంటనే రాయి.

సీతాలక్ష్మి


బాపట్ల,
22-11-1987

అక్కయ్యకి,

కార్డు ఒక్కటే చేతికి దొరికింది. కార్డు నలుగురి కళ్ళా పడుతుంది కనక క్లుప్తంగా రాస్తున్నాను. ఆ బొమ్మలో పడిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఆలోచిస్తే నీకూ తెలుసు. పెద్దవాళ్ళ గొప్ప కోసం చేసిన పనికి పిల్లనేమీ అనకు, దాని తప్పు లేదు. ఇంక ఆ సంగతి కదపకపోవడమే అందరికీ గౌరవం.

భాస్కరరావు


రేపల్లె,
30-11-1987

చి. భాస్కరానికి అక్క దీవెనలు.

నీ కార్డు చదివాక గానీ నాకు బుర్ర పనిచెయ్యలేదు. ఆలోచిస్తే నీకూ తెలుసు అన్నావు. నిజమే, నాకు ముందే తట్టాల్సింది. ఇంట్లో రోజూ పడవలకి రంగులు వేసే మనిషి ఉండగా పదేళ్ళ పిల్ల అంత గీత ఎలా గీస్తుంది? షీటు ఇంటికి ఇచ్చి పంపడమే నా తెలివితక్కువతనం. జడ్జీలని తిట్టి ఆ ఉత్తరం రాసినందుకు సిగ్గుపడ్డాను. నీ మీద కూడా విసుక్కున్నాను.

పిల్లనేమీ అనొద్దన్నావు కనక అనలేదు. బుధవారం అన్నమ్మని బడికి పిలిపించాను. చేపల గంప గేటు బయట దించుకుని వచ్చింది. వరండాలోనే నిలబెట్టి మాట్లాడాను. లోపల క్లాసు జరుగుతోంది మరి.

“ఏం అన్నమ్మా, మీ ఆయన వేసిన బొమ్మ పిల్ల వేసిందని పంపిస్తారా? మా బడి పేరు ఏం కావాలి?” అన్నాను.

“లేదండి అమ్మగారూ, ఆయన ఆ కాయితం ముట్టుకోలేదండి. పాపే ఏసిందండి. నేను అన్నం వండుతా చూశానండి,” అంది.

“తెనాలిలో పెద్దపెద్దవాళ్ళు చూసి చెప్పారు. అబద్ధం ఆడకు. పిల్లకి మీరే నేర్పిస్తున్నారు ఇవన్నీ,” అన్నాను. వేలు చూపించి కాస్త గట్టిగానే అన్నాను. పక్క క్లాసు పిల్లలు కిటికీలోంచి తొంగిచూశారు. కృపమ్మ స్తంభం పక్కన నిలబడి ఉందని నేను తర్వాత చూసుకున్నాను.

అన్నమ్మ వెనక్కి తిరిగి గేటు దాకా నడిచింది. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. గంప ఎత్తడానికి ఎవరినీ సాయం పిలవలేదు.

బడి మర్యాద కోసం చేశాను. చెయ్యవలసిందే చేశాను. కానీ గురువారం నుంచి కృపమ్మ రావడం లేదు. మొన్న హాజరు పిలిచేటప్పుడు దాని పేరు రెండుసార్లు పిలిచాను. ఎందుకో మనసు బాగోలేదు. నేను చేసింది సరైనదేనని నువ్వొక మాట రాస్తే నిమ్మళంగా ఉంటుంది.

అత్తగారికి కట్టు విప్పారు. నన్ను చూసి చిక్కిపోయావన్నారు.

అక్క


బాపట్ల,
4-12-1987

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇది పంపిస్తాను.

ఆ పిల్ల చేత మళ్ళీ వేయించమన్నది నేను. ఎర్ర సిరాతో రాసిందీ నేనే. కార్డులో నేను రాసింది లూకా చెయ్యి గురించి కాదు. అతనెవరో నాకేం తెలుసు? నీ చెయ్యి గురించి.

దిద్దింది నేనే, చూడగానే తెలుస్తుంది అని నువ్వే రాశావు. ఎంతవరకు అని అడిగాను. నా చెయ్యి పడకుండా కాగితం బయటికి వెళ్ళదన్నావు. తెనాలిలో ఆ పడవ గీత చూడగానే నాకు నువ్వే కనిపించావు. చిన్నప్పుడు నువ్వు ముగ్గు చెయ్యెత్తకుండా అలాగే లాగేదానివి. అందుకని ఇది పిల్లది కాదన్నాను. ఎవరిదని మిగతా జడ్జీలు అడిగితే నీ పేరు చెప్పలేదు. నీ ఉద్యోగానికి మాట వస్తుందనుకున్నాను. అక్క పేరు దాచడానికి ఆ పిల్ల పేరు ఊరంతా పోయినా ఊరుకున్నాను. అది ఏడుస్తుంటే కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

ఇంకొకటి కూడా ఉంది. నువ్వు వేళాకోళానికి రాసిన ఎనిమిదో క్లాసు బొమ్మ. వంతెన నువ్వు వేశావు, నీళ్ళు నువ్వు వేశావు, పడవ నువ్వు వేశావు. నేను వేసింది కాకి ఒక్కటే. నీకది తమాషా. రంగుల పెట్టె వచ్చిన రోజు నాన్నగారు వీధిలో ప్రతి అరుగు మీదా కూర్చుని చూపించారు. మావాడు డ్రాయింగు మాస్టారు అవుతాడని అప్పుడే అనేశారు. అయ్యాను. ముప్పై ఏళ్ళయినా నా బొమ్మ బాగుందని ఎవరైనా అంటే నాకు ఆ వంతెన గుర్తొస్తుంది. నీ రెండో ఉత్తరంలో ఆ మాట చదివిన రోజు నేను అన్నం సరిగా తినలేదు. ఆ కోపంతోనే తెనాలి వెళ్ళాను. నా దొంగతనానికి శిక్ష ఆ పిల్లకి వేశాను.

నువ్వు చేసింది సరైనదేనని రాయమన్నావు. ఎలా రాయను?

నిజంగా నువ్వు ఆ బొమ్మలో ఏం దిద్దావు? ఈసారి సరదాకి రాయకు.

భాస్కరం


రేపల్లె,
8-12-1987

భాస్కరం,

ఒక్క ఏత్వం.

నేను దిద్దింది అంతే. బొమ్మ కింద ఆ పిల్ల ‘పెనుమూడి రెవు’ అని రాసింది. ఆ ఎత్వాన్ని పెన్సిలుతో ఏత్వం చేశాను. ఇంకే గీతా నేను ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన అవసరం ఆ బొమ్మలో ఎక్కడా లేదు. అది చూసి నాకు సంతోషం వేసింది, దానితోపాటు కొంచెం కష్టంగా కూడా ఉంది. ఇరవై రెండేళ్ళు బోర్డు మీద కుండలూ మామిడికాయలూ వేసినదాన్ని, నాకు చేతకానిది ఆ పిల్ల వేసింది. అందులో నాకూ వాటా ఉందని నీ దగ్గర అనిపించుకోవాలనిపించింది. అందుకే దిద్దింది నేనే అని రాశాను. నువ్వు సూటిగా అడిగినప్పుడు కూడా, ఏత్వం అని రాస్తే చిన్నతనమైపోతుందని ఇంకా పెద్ద మాటలు రాశాను.

నువ్వు అపార్థం చేసుకున్నావని నీ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. దిద్దానన్నది నేను.

నిన్న సాయంత్రం బడి వదలగానే వాళ్ళింటికి వెళ్ళాను. కృపమ్మ లేదు, తండ్రితో రేవుకి వెళ్ళింది. బడి మానేసిన దగ్గర్నుంచి రోజూ అక్కడికే వెళుతోందట. అన్నమ్మ పీట వేసింది. కూర్చున్నాను. ఆ బొమ్మ చూపించమని అడిగితే పెట్టెలోంచి తీసింది. మా ఇంటి పట్టుచీరలకి కూడా నేను అంత జాగ్రత్త చెయ్యను, పాత లుంగీలో చుట్టి పెట్టింది. విప్పితే కింద నీ ఎర్ర సిరా, దాని పక్కనే నా ఏత్వం. మనిద్దరి చేతులూ పక్కపక్కనే ఉన్నాయిరా. ఆ పిల్ల బొమ్మలో దానిది కానిది ఆ రెండే.

దాహం వేసింది. మంచినీళ్ళు అడగాలనుకున్నాను, అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆవిడకీ తెలుసు, అందుకే ఇస్తాననలేదు. ఇదే ఊరి పెద్ద బసవేశ్వరరావుగారి మనవరాలి బొమ్మ అయితే, వాళ్ళ కోడల్ని పిలిపించి వరండాలో నిలబెట్టేదాన్నా? నేనే వాళ్ళింటికి వెళ్ళి, కాఫీ తాగి, చల్లగా అడిగి వచ్చేదాన్ని. లూకా పేరు నాకు అంత తొందరగా ఎలా తట్టింది?

నిజం చెప్పడానికే వెళ్ళాను. “పిల్లని పంపించు అన్నమ్మా, నేను చూసుకుంటాను,” అని మాత్రం అనగలిగాను. “దానికి రావాలని లేదండి,” అంది. లేచి వచ్చేశాను.

ఏదైనా చెయ్యి. నాకేమీ తోచడం లేదు.

అక్క


బాపట్ల,
21-12-1987

అక్కయ్యకి,

నిన్న ఆదివారం రేపల్లె వచ్చాను. మీ ఇంటికి రాలేదు. క్షమించు. ముందు ఆ పిల్లని చూడకుండా నీ ముఖం చూడలేననిపించింది. స్టేషను నుంచి నేరుగా పెనుమూడి బస్సెక్కాను.

రేవు గట్టు మీద పడవ బోర్లించి ఉంది. లూకా తారు పూయడం అయిపోయి, తెల్ల పట్టీ వెయ్యడానికి సిద్ధంగా ఉన్నాడు. ముందు సుద్దతో గీత గీయాలి. ఆ గీత గీసింది కృపమ్మ. సుద్దముక్క పడవకి ఆన్చి, ఊపిరి బిగబట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి నడిచిందక్కా. చెయ్యి కదపలేదు, మనిషే కదిలింది. చివరికి వెళ్ళాక ఊపిరి వదిలింది. గీత ఎక్కడా తొణకలేదు. ఆ గీత మీద తండ్రి రంగు వేసుకుంటూ వెళ్ళాడు.

ఇలాంటి పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి పెన్సిలిచ్చి గీయమన్నాను. ఇరవై ఏళ్ళుగా డ్రాయింగు చెబుతున్నాను, పిల్లలు నడుస్తూ గీస్తారని నాకు తెలియదు. ఆ గీత నా చేత కాదు. నీ చేత కూడా కాదు.

నేనెవరో లూకాకి చెప్పాను. ఎర్ర సిరా నాదేనని చెప్పాను. కుంచె డబ్బాలో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

“నాకు చెప్తే ఏముందండి? నా కూతురు ఏసిందని నాకు తెలుసు గదండి. బళ్ళో దొంగ అన్నారండి దాన్ని. దాని అమ్మని అందరి ముందూ అన్నారండి. చెప్పేదేదో అక్కడ చెప్పండి,” అన్నాడు.

నేను దండం పెడితే ఆ పిల్ల తండ్రి వెనక్కి వెళ్ళి నిలబడింది.

కమిటీ అధ్యక్షుడు పూర్ణచంద్రరావుగారిని కలిసి జరిగింది చెప్పాను. ముందు కసిరారు. తర్వాత కొత్త సర్టిఫికెట్టు మీద సంతకం చేశారు, మొదటి బహుమతి అని. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. లూకా అన్నది నిజం. ఈ మాట బళ్ళో చెప్పాలి. చెబితే నీ ఉత్తరాల సంగతీ చెప్పాల్సి వస్తుంది. నువ్వు సరేనంటే సెలవు పెట్టి వస్తాను, ప్రార్థన దగ్గర నిలబడి చెబుతాను. నువ్వు పక్కన ఉండనక్కర్లేదు.

భాస్కరం


రేపల్లె,
7-2-1988

చి. భాస్కరానికి అక్క దీవెనలు.

రావద్దని టెలిగ్రాం ఇచ్చి, ఆ తర్వాత నెలన్నర ఉత్తరం రాయలేదు. నువ్వు రాసిన రెండు కార్డులకీ జవాబివ్వలేదు. చెప్పుకోదగ్గ పని చేశాక రాద్దామనుకున్నాను. అది ఒక్కసారిగా కాలేదు.

నువ్వొచ్చి చెబితే నేను ఇంట్లో కూర్చునేదాన్ని. అందుకని వద్దన్నాను. సర్టిఫికెట్టు వచ్చిందని, నేనే ప్రార్థన దగ్గర ఇస్తానని అన్నమ్మకి కబురు పెట్టాను. జనవరి ఇరవయ్యో తారీకున లూకా కృపమ్మని సైకిలు మీద తీసుకొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. హెడ్మాస్టరుగారు ముందే నన్ను పక్కకి పిలిచి, “ఎందుకమ్మా అదంతా? పిల్ల వచ్చింది, కాగితం ఇస్తున్నాం. ఉపాధ్యాయులం మనం మనల్ని తక్కువ చేసుకోకూడదు,” అన్నారు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు పట్టుకున్నాను. పిల్లలందరి ముందూ, సర్టిఫికెట్టు పోస్టులో ఆలస్యంగా వచ్చింది అని చెప్పి చేతికిచ్చాను. చప్పట్లు కొట్టారు. గేటు వైపు చూశాను. లూకా నా వంకే చూస్తున్నాడు. సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ చూపు భరించలేకపోయాను.

ఆ రోజు ఇంటికొచ్చి మీ బావగారికి మొదటిసారి అంతా చెప్పాను. ఆయన కుంటడం మర్చిపోయి గదిలో అటూ ఇటూ నడిచారు. “రేపు మళ్ళీ చెప్పు,” అన్నారు.

మర్నాడు మళ్ళీ నిలబడ్డాను. “పెనుమూడి రేవు బొమ్మ మొత్తం కృపమ్మే వేసింది. నేను దిద్దింది ఒక్క ఏత్వం. గొప్ప కోసం బొమ్మ నేనే దిద్దానని మా తమ్ముడికి రాశాను. నా మాట నమ్మి వాళ్ళు దీన్ని దొంగ అన్నారు. నేను కూడా వాళ్ళ నాన్నని అనుమానించాను. వాళ్ళమ్మని ఈ వరండాలో నిలబెట్టి అన్నాను. తప్పు నాది,” అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకటో తరగతి పిల్లాడు లేచి, “టీచర్, ఏత్వం అంటే ఏంటండి?” అన్నాడు. బోర్డు మీద రాసి చూపించాను. హెడ్మాస్టరుగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి అన్నమ్మకీ లూకాకీ అదే మాట చెప్పాను. తర్వాత మంచినీళ్ళు అడిగాను. అన్నమ్మ గ్లాసు రెండుసార్లు కడిగి ఇచ్చింది. తాగాను. ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. కృపమ్మ మాత్రం మర్నాటి నుంచి బడికొస్తోంది. నన్ను చూస్తే నమస్తే టీచర్ అంటుంది. ఇదివరకు చెయ్యి పట్టుకుని నడిచేది, ఇప్పుడు పట్టుకోదు.

నిన్న శనివారం డ్రాయింగు పీరియడు. బోర్డు మీద నేనేమీ వెయ్యలేదు, మీ ఇష్టం వచ్చింది వెయ్యండి అన్నాను. మళ్ళీ కొండలే వేశారు. కృపమ్మ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, వెనక్కి జరుగుతూ గీసింది. అయ్యాక తెచ్చి నా బల్ల మీద పెట్టింది. దళసరి కాగితం, ఎక్కడిదా అని తిప్పి చూస్తే నువ్వు పంపిన సర్టిఫికెట్టు. “ఎనకాల ఖాళీగా ఉందండి,” అంది.

మా బడి వరండా వేసింది. స్తంభాలు వేసింది. గేటు బయట చేపల గంప ఉంది, అన్నమ్మ తల వంచుకుని నిలబడి ఉంది. ఎదురుగా నేను. కట్టు, బొట్టు, కళ్ళజోడు అన్నీ నావే. చెయ్యి చాపి వేలు చూపిస్తున్నాను. వేలు చెయ్యంత పొడుగుంది.

నా చేతిలో ఎర్ర పెన్సిలుంది. అలవాటు కొద్దీ ఆ వేలి దగ్గర ఆన్చాను. కొలత తప్పిందే అని నోటిదాకా వచ్చింది. తలెత్తితే ఆ పిల్ల బొమ్మని చూడటం లేదు, నా చేతిని చూస్తోంది. ఆ రోజు అది నిలబడ్డ స్తంభం దగ్గర్నుంచి నా వేలు అంతే ఉండి ఉంటుంది.

పెన్సిలు సొరుగులో పెట్టేశాను. నా బొమ్మ కింద ‘టిచర్’ అని రాసింది. గుడిదీర్ఘం లేదు.

అదీ దిద్దలేదురా.

నీ అక్క,
సీతాలక్ష్మి